గోడౌన్‌లో లోతు ర్యాకులు ఎప్పుడు కలిసొస్తాయి, ఎప్పుడు ముంచుతాయి

గోడౌన్ నిండిపోయింది. మేడ్చల్ వైపో పటాన్‌చెరు వైపో ఇంకో షెడ్డు చూద్దామంటే అద్దె వింటేనే గుండె గుభేలుమంటోంది. సరిగ్గా అప్పుడే ర్యాకుల కంపెనీ సేల్స్ మనిషి వస్తాడు. ఇదే షెడ్డులో అరవై శాతం ఎక్కువ ప్యాలెట్లు (సరుకు పేర్చే పీటలు) పట్టిస్తానని డ్రాయింగ్ పరుస్తాడు. గళ్లు లెక్కపెట్టి చూస్తే నిజంగానే అరవై శాతం ఎక్కువ ఉంటాయి. అతను అబద్ధం చెప్పలేదు. కాకపోతే డ్రాయింగ్‌లో ఎన్ని గళ్లున్నాయన్నది ఒక లెక్క, ఏ రోజు వెళ్లి చూసినా వాటిలో ఎన్నింట్లో సరుకుంటుందన్నది ఇంకో లెక్క. లోతు ర్యాకులు, అంటే ప్యాలెట్లను ఒకదాని వెనక ఒకటి పెట్టే ర్యాకులు, కొని దెబ్బతిన్న చోట సాధారణంగా మొదటి లెక్క చూసే డబ్బు కట్టి ఉంటారు.

ముందు మామూలు ర్యాకు సంగతి. దీన్ని సెలెక్టివ్ ర్యాకు అంటారు. రెండు వరుసలను వీపులు ఆనించి నిలబెట్టి, అటూ ఇటూ బండి తిరగడానికి దారి వదులుతారు, దాన్నే ఐల్ అంటారు. ప్రతి ప్యాలెట్ ముఖమూ ఐల్ వైపే ఉంటుంది కాబట్టి ఏది కావాలంటే అది, పక్కదాన్ని కదపకుండా తీసుకోవచ్చు. ఆ సుఖానికి మనం చెల్లించేది నేల. వెనక బరువుతో నిలదొక్కుకునే మామూలు కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ తిరగాలంటే ఐల్ మూడున్నర నుంచి నాలుగు మీటర్లు కావాలి. ఇరుకులో తిరగగలిగే రీచ్ ట్రక్‌కైతే మూడు మీటర్ల లోపు సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే 1200 × 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్ తీసుకుంటే, వీపులు ఆనిన రెండు ప్యాలెట్లకూ మధ్య సందుతో కలిపి 2.5 మీటర్లు పోతాయి. రీచ్ ట్రక్ ఐల్‌కి 2.9 మీటర్లు. అంటే నేలలో సగానికి పైగా బండి కోసమే.

లోతు ర్యాకు చేసేదల్లా ఆ ఒక్క ఐల్ ఖర్చును ఎక్కువ ప్యాలెట్ల మీద పంచడం. ఎలా పంచుతుందన్న దాంట్లోనే రకాలున్నాయి.

డబుల్ డీప్‌లో ఒకదాని వెనక ఒకటి, రెండేసి ప్యాలెట్లు. ర్యాకు దాదాపు మామూలుదే, బండికి మాత్రం ముందుకు సాగే ఫోర్కులు కావాలి. పుష్-బ్యాక్‌లో కొంచెం వాలుగా ఉన్న పట్టాల మీద చిన్న చక్రాల ట్రాలీలుంటాయి. కొత్త ప్యాలెట్ పెడితే పాతది వెనక్కి జరుగుతుంది, ముందుది తీస్తే వెనకది తనే ముందుకొస్తుంది. రెండు నుంచి ఆరు లోతు వరకూ వేస్తారు. ప్యాలెట్ ఫ్లోలో ఒక వైపు పెట్టింది రోలర్ల మీద జారి రెండో వైపు తేలుతుంది. షటిల్‌లో బ్యాటరీతో నడిచే బల్లపరుపు బండి పట్టాల మీద ప్యాలెట్ కిందకి దూరి, దాన్ని ఎత్తి లోపలికి మోసుకుపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ లేన్ (ఒకదాని వెనక ఒకటిగా ప్యాలెట్లుండే సందు) మొదట్లోనే ఆగిపోతుంది.

ఇక డ్రైవ్-ఇన్. వీటిలో చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇది, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. ఇందులో అడ్డ బీములుండవు. నిలువు స్తంభాలకు బిగించిన రెండు పట్టాల అంచుల మీద ప్యాలెట్ కూర్చుంటుంది. ఫోర్క్‌లిఫ్టే స్తంభాల మధ్యకు దూరిపోవాలి. పట్టాల మధ్య ఖాళీ కన్నా ప్యాలెట్ వెడల్పు కాబట్టి, మూడో అంతస్తులో పెట్టాలంటే ఆపరేటర్ లేన్ బయటే లోడ్‌ను ఆ ఎత్తుకు లేపి, అలా లేపిన లోడ్‌తోనే లోపలికి నడపాలి. దించాక అదే ఇరుకులో రివర్స్‌లో రావాలి. ఆరు లోతుల లేన్‌లో చివరి గడికైతే దాదాపు ఆరు మీటర్లు ముందుకు, ఆరు మీటర్లు వెనక్కి. చేతులు తిరిగిన ఆపరేటరే ఉండాలి. డిస్పాచ్ టైమ్‌లో నాలుగు లారీలు బయట నిలబడి హారన్ కొడుతుంటే ఎంత టెన్షనో ఆ సీట్లో కూర్చున్నవాణ్నే అడగాలి.

బండి మాస్ట్, అంటే లోడ్‌ను పైకి లేపే స్తంభం, నిలువుగా పైదాకా ఉంటుంది. కాబట్టి నాలుగో వరుస లోతులో ఉన్న ఏ ప్యాలెట్‌ని అందుకోవాలన్నా, ముందున్న మూడు వరుసలూ కింది నుంచి పైదాకా ఖాళీగా ఉండాలి. అంటే ఆరు లోతులు, నాలుగు అంతస్తులున్న లేన్ అంటే ఇరవై నాలుగు విడి గళ్లు కాదు, ఇరవై నాలుగు ప్యాలెట్లు పట్టే ఒకే పెద్ద డబ్బా. అందులో రెండు రకాల సరుకు కలిపితే వెనకది బందీ అయిపోతుంది. పెళ్లి మండపం ముందు ఒకదాని వెనక ఒకటి ఆపిన కార్లలో ముందుగా వచ్చినవాడే చివరిదాకా ఉండిపోయినట్టు.

ఇప్పుడు లెక్కకొద్దాం. అన్నిటికీ నాలుగు అంతస్తులే అనుకుని, నేల మీది ఒక్కో ప్యాలెట్ స్థానానికి ఐల్ వాటాతో సహా ఎన్ని చదరపు మీటర్లు పడుతుందో చూస్తే చాలు. రీచ్ ట్రక్‌తో సెలెక్టివ్: మాడ్యూల్ (వీపులు ఆనిన రెండు ప్యాలెట్లూ, ఐలూ కలిపి) 5.4 మీటర్లు, స్తంభం వాటాతో కలిపి వెడల్పు 1.2 మీటర్లు, అందులో రెండు ప్యాలెట్లు. స్థానానికి 3.24 చదరపు మీటర్లు. డబుల్ డీప్‌లో ఐల్ కొంచెం పెంచి 3.2 అనుకుంటే సుమారు 2.49. ఆరు లోతుల డ్రైవ్-ఇన్‌లో ప్యాలెట్‌ని అడ్డంగా తిప్పి పెడతారు. లేన్ 1.45 మీటర్లు, ఒక్కో లోతుకి 1.05, రెండు వైపులా లేన్లున్న ఐల్ 3.7. స్థానానికి 1.97 వస్తుంది. 3.24ని 1.97తో భాగిస్తే 1.64. సేల్స్ మనిషి చెప్పిన అరవై శాతం ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు సరుకు పెడదాం. ఒక బ్యాచ్ వచ్చింది, రోజుకి ఇన్ని చొప్పున సమంగా ఖర్చవుతోంది, లేన్ పూర్తిగా ఖాళీ అయితే తప్ప వేరే బ్యాచ్ అందులో పెట్టరు. బ్యాచ్‌లో సరిగ్గా 24 ప్యాలెట్లే ఉంటే, మొదటి రోజు లేన్ నిండుగా ఉంటుంది, చివరి రోజు ఒక్కటే మిగులుతుంది. సగటున నిండేది 52 శాతం. మిగతాది లోపల బందీ అయిన ఖాళీ. అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు, అయినా వేరే సరుకు పెట్టలేం. ఈ నష్టాన్నే ఈ రంగంలో హనీకోంబింగ్ అంటారు. 1.97ని 0.52తో భాగిస్తే 3.79 చదరపు మీటర్లు. అంటే సెలెక్టివ్ కన్నా ఎక్కువ నేల తిన్నట్టు! బ్యాచ్‌లో 12 ప్యాలెట్లే ఉంటే నిండేది 27 శాతం. అప్పుడు స్థానానికి ఏడు చదరపు మీటర్లు దాటిపోతుంది.

బ్యాచ్ పెద్దదైతే కథ మారుతుంది. 72 ప్యాలెట్ల బ్యాచ్ మూడు లేన్లలో కూర్చుంటుంది. మొదటి లేన్ ఖాళీ కాగానే దాన్ని వేరేవాటికి ఇచ్చేయొచ్చు కాబట్టి సగటు 76 శాతానికి పెరుగుతుంది. 240 ప్యాలెట్ల బ్యాచ్‌కి 91 శాతం. ఈ కొలతలతో సెలెక్టివ్‌ని డ్రైవ్-ఇన్ కొట్టాలంటే లేన్లు సగటున 61 శాతం పైన నిండి ఉండాలి.

డబుల్ డీప్‌ని కూడా ఇదే పరీక్షకు పెడితే ఫలితం ఆలోచింపజేస్తుంది. 12 ప్యాలెట్ల బ్యాచ్‌కి కూడా 93 శాతం నిండుతుంది, ఎందుకంటే అక్కడ డబ్బా రెండు ప్యాలెట్లదే. 72 ప్యాలెట్ల బ్యాచ్ దగ్గర డబుల్ డీప్‌కి స్థానానికి 2.52 చదరపు మీటర్లు, డ్రైవ్-ఇన్‌కి 2.59. అంటే బ్యాచ్ 72 వరకూ వచ్చినా డబుల్ డీప్‌దే కాస్త పైచేయి. అందులోనూ బండి ర్యాకులోకి దూరదు, స్తంభాలకు దెబ్బలు తక్కువ. ఇన్ని మంచి గుణాలున్నా డబుల్ డీప్‌ని అడిగేవాళ్లు తక్కువే. డ్రాయింగ్‌లో అది డ్రైవ్-ఇన్ అంత నిండుగా కనిపించదు మరి.

పుష్-బ్యాక్, షటిల్ ఎందుకు ఖరీదైనా నిలబడతాయో కూడా ఇదే లెక్క చెబుతుంది. వాటిలో ప్రతి అంతస్తూ విడి లేన్. ఆరు లోతులంటే డబ్బా ఆరు ప్యాలెట్లది, ఇరవై నాలుగుది కాదు. అదే 24 ప్యాలెట్ల బ్యాచ్ అలాంటి నాలుగు లేన్లలో పెడితే 83 శాతం నిండుతుంది. నాలుగు లోతుల పుష్-బ్యాక్‌లో 89 శాతం. డబ్బా చిన్నదయ్యేసరికి లెక్క తిరగబడిపోయింది. కాబట్టి ర్యాకు ఎంచుకునే ముందు తీయాల్సిన కాగితం షెడ్డు ప్లాన్ కాదు, స్టాక్ రిపోర్టు. ఒక్కో బ్యాచ్‌కి ఏ రోజు ఎన్ని ప్యాలెట్లు ఉన్నాయో ఏడాది మొత్తానికి ఎక్సెల్‌లో దించితే చాలు. మొత్తం ఐదు వేల ప్యాలెట్లున్నా, అవి వెయ్యి లాట్లుగా ఐదేసి చొప్పున విడిపోయి ఉంటే లోతు మీకు శత్రువు. ముప్ఫై లాట్లుగా ఉంటే స్నేహితుడు.

పైన వేసింది సరుకు సమంగా ఖర్చయ్యే లెక్క. అన్ని గోడౌన్లలో అలా జరగదు. భీమవరం, కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు రొయ్యల ఎగుమతి ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీలు చూడండి. 2009లో వెనామీ రకం రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక ఆ తీరమంతా ఈ వ్యాపారమే పెరిగింది. సరుకు మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా కింద ఉండాలి. అక్కడ ప్రతి ఘనపు మీటరుకీ కరెంటు బిల్లు ఉంది, ఖాళీ ఐల్‌ని కూడా చల్లబరచాల్సిందే. కాబట్టి లోతు ర్యాకు మీద మోజు సహజం. కానీ రకాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. కౌంట్ ప్రకారం 16/20, 21/25, 26/30 అని, అంటే పౌనుకి ఎన్ని రొయ్యలో అలా. తల తీసినవి, పొట్టు తీసినవి, తోక ఉంచినవి. బ్లాకు గడ్డలు, విడివిడిగా గడ్డకట్టించినవి. మళ్లీ ఒక్కో కొనుగోలుదారుడికి ఒక్కో బ్రాండు డబ్బా. రకానికి ఒక లేన్ ఇస్తే ఎన్ని లేన్లున్నా చాలవు.

దీనికి విరుగుడు కూడా ఆ వ్యాపారంలోనే ఉంది. సరుకు బయటికి వెళ్లేది రోజుకి రెండు ప్యాలెట్ల చొప్పున కాదు, కంటైనర్ల లెక్కన. నలభై అడుగుల రీఫర్ (చల్లబరిచే) కంటైనర్‌లో 1200 × 1000 ప్యాలెట్లతోనే లోడ్ చేస్తే 20 దాకా పడతాయి. ఆర్డర్ పూర్తయి టెస్ట్ రిపోర్టులూ కాగితాలూ కోసం ఎదురుచూస్తున్న సరుకును రకం వారీగా కాకుండా కంటైనర్ వారీగా ఒక లేన్‌లో పెడితే, 24 గళ్ల డ్రైవ్-ఇన్ లేన్ 20 ప్యాలెట్లతో 83 శాతం నిండి కూర్చుంటుంది. వెళ్లే రోజు పొద్దున లేన్ మొత్తం ఒకేసారి ఖాళీ. లోపల ఏ రకం ముందుంది, ఏది వెనకుంది అన్న బాధే లేదు, అన్నీ ఒకే కంటైనర్‌లోకి పోయేవే. ఉత్పత్తి జరుగుతూ ఇంకా ఆర్డర్‌కి జత కాని విడి సరుకుని మాత్రం సెలెక్టివ్‌లోనో, పట్టాల మీద ర్యాకులే పక్కకు జరిగి ఒక్క ఐల్‌ని మాత్రం తెరిచే మొబైల్ ర్యాకుల్లోనో ఉంచాలి. ఒకే గదిలో రెండు రకాల ర్యాకులా అని కొందరు మొహం ముడుస్తారు. నిజానికి బాగా నడిచే గోడౌన్లలో చాలావరకు అలా కలిపినవే.

ఇదే ఆలోచనను గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్తే పనికిరాదు. అక్కడ వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నా రైతు రైతుకీ లాట్ వేరు, రసీదు వేరు, ఆ రసీదు మీద లోను వేరు. ధర చూసుకుని ఎవరు ఎప్పుడు తీస్తారో తెలియదు. హమాలీలు లాట్ల వారీగా పేర్చే పద్ధతి పాతదే అయినా, ఆ సరుకు తీరుకి లోతు ర్యాకు కన్నా అదే నయం.

తేదీల గొడవ ఇంకొకటి. డ్రైవ్-ఇన్, పుష్-బ్యాక్, డబుల్ డీప్ మూడూ లిఫో పద్ధతే: చివర పెట్టింది ముందు వస్తుంది. ఆహార పదార్థాలు నిల్వ చేసేవాళ్లు ముందు వచ్చింది ముందు పోయే ఫిఫోనో, ఎక్స్‌పైరీ తేదీ ముందున్నది ముందు పోయే ఫెఫోనో పాటించాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు అడుగుతాయి. మందులదీ అదే దారి. దీనర్థం లిఫో ర్యాకు పనికిరాదని కాదు. లేన్ మొత్తం ఒకే బ్యాచ్, ఒకే తేదీ అయితే లోపల ఏది ముందు తీసినా తేడా లేదు; లేన్ల మధ్య వరుస పాటిస్తే చాలు. ప్రమాదమంతా సగం ఖాళీ అయిన లేన్‌లో, చోటు వృథా అవుతోందని కొత్త బ్యాచ్ తెచ్చి ముందు నింపేసినప్పుడే. సూపర్‌వైజర్ రాత్రి షిఫ్టులో చేసే పని ఇది. ఆర్నెల్ల తర్వాత ఆడిట్‌లో వెనక నుంచి తేదీ దాటిన ప్యాలెట్లు బయటపడతాయి. రెండు వైపులా తెరిచి ఉండే డ్రైవ్-త్రూ వేస్తే ఫిఫో వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ రెండో వైపు కూడా ఐల్ కావాలి, దాంతో మిగిలిన చోటు కాస్తా తగ్గిపోతుంది. నిఖార్సైన ఫిఫో కావాలంటే ప్యాలెట్ ఫ్లోనో, రెండు వైపుల నుంచీ నడిపే షటిలో చూసుకోవాలి. ప్యాలెట్ ఫ్లోకి పెట్టుబడి బాగా ఎక్కువ.

ప్యాలెట్ గురించి ఎవరూ ముందుగా అడగరు, నన్నడిగితే మొదట అడగాల్సిన ప్రశ్నల్లో అదొకటి. సెలెక్టివ్ ర్యాకులో ప్యాలెట్ రెండు బీముల మీద హాయిగా కూర్చుంటుంది. డ్రైవ్-ఇన్‌లో అంచులు మాత్రమే ఆనుతాయి, నడుమంతా గాల్లో ఉంటుంది, దాని మీద టన్ను బరువు. వాడి వాడి వదులైన చెక్క ప్యాలెట్ అక్కడ మధ్యలో వంగుతుంది. లోపల స్టీలు రాడ్లు లేని ప్లాస్టిక్ ప్యాలెట్ పరిస్థితీ అంతే. వంగిన కొద్దీ అంచులు పట్టా మీద నుంచి లోపలికి జారుతాయి. పుష్-బ్యాక్, ఫ్లోల్లో అయితే కింది చెక్క ఒకటి ఊడినా ప్యాలెట్ మధ్యలో ఇరుక్కుంటుంది, మనిషి లోపలికి పాక్కుంటూ వెళ్లాలి. లారీలతో పాటు ఎవరెవరివో ప్యాలెట్లు వచ్చి కలిసిపోయే గోడౌన్‌లో లోతు ర్యాకు వేయాలంటే, లోపలికి వెళ్లే ప్యాలెట్ అంతా మన సొంతదే, ఒకే రకందే కావాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు.

స్తంభాలకు తగిలే దెబ్బల సంగతి. సెలెక్టివ్ ర్యాకుల తనిఖీకి యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 15635లో సులువైన పద్ధతుంది. మీటరు పొడవున్న తిన్నని బద్దను సొట్టపడిన చోట స్తంభానికి ఆనించి మధ్యలో సందు కొలవాలి. బీము దిశలో 5 మిల్లీమీటర్లు, లోతు దిశలో 3 మిల్లీమీటర్లు దాటితే దాన్ని వదిలేయకూడదు. మూడు మిల్లీమీటర్లంటే కంటికి ఆనదు కూడా. డ్రైవ్-ఇన్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. బండి దూరాలి కాబట్టి ముందు వైపు స్తంభాలను కలిపే బీములుండవు. పైన కప్పు దగ్గరా, వెనక వైపూ ఉండే అడ్డ బద్దల బిగింపే (బ్రేసింగ్) అంతటినీ పట్టి ఉంచుతుంది. ఒక స్తంభం లొంగితే ఆ బరువు పక్కవాటి మీద పడుతుంది. కాబట్టి లేన్ మొదట్లో నేల మీద గైడ్ పట్టాలు, స్తంభాలకు కాపలా గార్డులు ఉన్నాయో లేదో చూడకుండా సంతకం పెట్టొద్దు. ధర తగ్గించమంటే ముందు ఎగిరిపోయేవి అవే.

లోతు జోలికే పోకుండా చోటు పెంచే దారులు రెండున్నాయి, వాటిని ముందు చూడాలి. ఒకటి ఎత్తు. కప్పు పది మీటర్లుండి ర్యాకు ఆరు దగ్గర ఆగిపోయిన షెడ్లు ఎన్నో. రెండోది సన్న ఐల్. బాగా ఇరుకైన ఐల్ కోసమే చేసిన వీఎన్ఏ బండ్లతో 1.7 మీటర్ల ఐల్ చాలు. మన లెక్కలో స్థానానికి 2.52 చదరపు మీటర్లు, పైగా ప్రతి ప్యాలెటూ చేతికి అందుతుంది. ఆ బండి ఖరీదు ఎక్కువ, నేల అద్దంలా సమంగా ఉండాలి. ఆ నేల ఖర్చే చాలామందిని వెనక్కి తగ్గిస్తుంది.

నేల అంటే పై పొర మాత్రమే కాదు. గోదావరి డెల్టాలో మెత్తటి బంకమట్టి మీద మెరక పోసి కట్టిన షెడ్డులో, మధ్య మధ్య ఐల్స్ లేకుండా పెద్ద మేర మొత్తం బరువు దింపితే కింద లోతుగా ఉన్న మట్టి కూడా కుంగుతుంది. అన్ని చోట్లా సమానంగా కుంగదు. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేట్ దగ్గర కొద్ది మిల్లీమీటర్ల తేడా పైన ఎనిమిది మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి బాగా పెరుగుతుంది. షటిల్ పట్టాలకైతే ఆ తేడా అస్సలు గిట్టదు. అందుకే ర్యాకు డ్రాయింగ్‌తో పాటు స్తంభానికి ఎంత లోడ్ వస్తుందో రాయించుకుని స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాలి, మట్టి రిపోర్టుతో సహా.

చివరిగా మంట. సెలెక్టివ్ ర్యాకుల్లో వరుసల మధ్య నిలువు సందులుంటాయి. వేడి అక్కడి నుంచి పైకెళ్లి, మంటకి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌ని త్వరగా తెరిపిస్తుంది, నీళ్లూ అక్కడి నుంచే కిందికి దిగుతాయి. డ్రైవ్-ఇన్ దిమ్మలో నడుమ అంటుకుంటే పై నుంచి పడే నీళ్లు అక్కడిదాకా చేరడం కష్టం, మనుషులు లోపలికి వెళ్లడం ఇంకా కష్టం. చాలా సందర్భాల్లో ర్యాకు లోపల అంతస్తుల మధ్య కూడా స్ప్రింక్లర్ పైపులు నడపాల్సి వస్తుంది. పాత ర్యాకులకని ఇచ్చిన ఫైర్ అనుమతీ, ఇన్సూరెన్స్ పాలసీ కొత్త ఏర్పాటుకి వర్తిస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి. అద్దె షెడ్డయితే ఆ పైపులు ఎవరి ఖర్చు, స్లాబులో యాంకర్ బోల్టుల కోసం వేసే వందల బొక్కలు ఖాళీ చేసే రోజు ఎవరు పూడ్చాలి అన్నది ఓనర్‌తో అగ్రిమెంట్‌లో రాయించుకున్నాకే ర్యాకుల కంపెనీకి అడ్వాన్స్ ఇవ్వండి.